కిలోకు రెండు విలువలు: కమాండ్ లైన్ పరికరాలలో ఫైలు పరిమాణ ప్రమాణాల చరిత్ర

విషయ ప్రవేశం

తెలుగునాట ధాన్యపు కొలతల గురించి వ్రాసినవారికి ఒక చిక్కు తప్పక ఎదురవుతుంది. కుంచం అన్న పేరు అంతటా ఒకటే. కుంచంలో పట్టే గింజల లెక్క మాత్రం సీమకొక తీరు. పేరు నిలకడగా ఉండి విలువ కదలిపోయే ఈ స్థితి పాతకాలపు గ్రామీణ వ్యవహారానికే పరిమితమైనదని భావించడం పొరపాటు. ఇరవయ్యవ శతాబ్దంలో, అత్యంత కచ్చితత్వానికి పేరుపడిన యంత్రాల మధ్య పుట్టిన కిలోబైటు, మెగాబైటు అనే ప్రమాణాలకూ ఇదే గతి పట్టింది. ఒకే ఫైలును ఒకే కంప్యూటరులో రెండు ఆదేశాలతో కొలిస్తే రెండు సంఖ్యలు రావడం నేటికీ సర్వసాధారణం.

ఈ వ్యత్యాసాన్ని సాంకేతికుల అజాగ్రత్తగా కొట్టివేయడం తేలిక. కాని యూనిక్స్ కమాండ్ లైన్ పరికరాల ఐచ్ఛికాలను కాలక్రమంలో పరిశీలిస్తే, ప్రతి విలువ వెనుకా ఒక కారణం, ఒక వృత్తి సమూహం, ఒక రాజీ కనిపిస్తాయి. ప్రమాణాలను ఒకదానినుండి మరొకదానికి మార్చే చిన్న ఆదేశాలే ఈ చరిత్రకు ప్రధాన ఆకరాలు. తెలుగు పాఠ్యాన్ని బైట్లలో కొలిచే అలవాటు పరిశోధనలోకి ప్రవేశించిన నేటి సందర్భంలో ఈ చరిత్ర భాషాధ్యయనపరులకు పరాయిది కాదు. వ్యాసం చివరిభాగం ఆ విషయానికే కేటాయించబడింది.

బైటు, కిలో, 1024

బైటు అన్న మాటను 1956లో ఐబీఎం సంస్థకు చెందిన వెర్నర్ బుఖోల్జ్, స్ట్రెచ్ అనే కంప్యూటరు రూపకల్పన సందర్భంలో కల్పించాడు. బిట్ అన్న మాటతో పొరబడకుండా ఉండేందుకు వర్ణక్రమాన్ని బుద్ధిపూర్వకంగానే మార్చారు. అప్పటికి బైటులో ఇన్ని బిట్లుండాలన్న నియమం లేదు. 1964 ఏప్రిల్ 7న ఐబీఎం ప్రకటించిన సిస్టం 360 యంత్రాలతో ఎనిమిది బిట్ల బైటు స్థిరపడింది.

కిలో అన్న ఉపసర్గ వయస్సు ఇంతకంటె చాలా ఎక్కువ. గ్రీకు మూలంనుండి తీసుకొన్న ఈ మాట 1795 నాటి ఫ్రెంచి మెట్రిక్ చట్టంలోనే ఉంది. దానికి అర్థం వెయ్యి మాత్రమే. తొలి కంప్యూటర్లలో కూడా అది వెయ్యే. ఐబీఎం 1401 యంత్రంలో స్మృతికి దశాంశ పద్ధతిలో చిరునామాలుండేవి గనుక 16కె అంటే సరిగ్గా 16,000 వర్ణాలు. యంత్రాలు ద్విసంఖ్యామానపు చిరునామాలకు మారినప్పుడే తకరారు మొదలైంది. పది తీగలతో సూచించగల చిరునామాలు 1024. వెయ్యికి ఇంత దగ్గరగా ఉన్న మరో రెండు ఘాతం లేదు. జీన్ ఆమ్‌డాల్ ప్రభృతులు సిస్టం 360 నిర్మాణాన్ని వివరిస్తూ 1964లో ప్రచురించిన వ్యాసంలో కె అనే అక్షరాన్ని 1024కు వాడారు. అయితే ఆ వాడుక వెంటనే సార్వత్రికం కాలేదు. 65,536 చిరునామాల స్మృతిని కొందరు 64కె అనీ, కొందరు 65కె అనీ వ్రాసేవారు. ఇద్దరి యంత్రమూ ఒకటే.

ఈ అస్పష్టతను సమకాలికులు గమనించకపోలేదు. 1968లో అమెరికా కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘపు పత్రికలో దీనిపై వరుసగా లేఖలు వెలువడ్డాయి. డొనాల్డ్ మారిసన్ 1024కు గ్రీకు కప్పా అక్షరాన్ని వాడుదామన్నాడు. వాలెస్ గివెన్స్ కె ముందు చిన్న బి చేర్చుదామన్నాడు. బ్రూస్ మార్టిన్ అసలు ఉపసర్గలనే విడిచిపెట్టి, రెండు ఘాతాన్ని సూటిగా సూచించే అక్షరం పెట్టుకొందామన్నాడు. తరువాతి కాలంలో డొనాల్డ్ కనూత్ పెద్ద కిలోబైటు అని పిలిచి, కె అక్షరాన్ని రెండుసార్లు వ్రాయాలని సూచించాడు. వీటిలో ఏదీ నిలవలేదు. తేడా నూటికి 2.4 మాత్రమే అయినప్పుడు దానికోసం కొత్త గుర్తును నేర్చుకొనేందుకు ఎవరూ సిద్ధపడలేదన్నదే ఇందుకు ప్రధాన కారణంగా తోస్తుంది. కాని ఈ తేడా స్థిరమైనది కాదు, ఘాతంతోపాటు పెరుగుతుంది: మెగా దగ్గర సుమారు 4.9 శాతం, గిగా దగ్గర 7.4, టెరా దగ్గర దాదాపు 10. అరవైల నాటి కిలోలలో కనిపించని వ్యత్యాసం టెరాబైట్ల కాలానికి పదోవంతు అయింది.

యూనిక్స్ బ్లాకుల వివాదం

కమాండ్ లైన్ చరిత్రలో కిలోకంటె ముందు వచ్చిన ప్రమాణం బ్లాకు. 1971 నాటి తొలి యూనిక్స్ కరదీపికలోనే డిస్కు వాడకాన్ని తెలిపే డీయూ ఆదేశం ఉంది. పీడీపీ 11 యంత్రాలపై యూనిక్స్ ఫైలు వ్యవస్థ 512 బైట్ల బ్లాకులతో పనిచేసేది. కాబట్టి పరిమాణాన్ని బ్లాకుల్లో చెప్పడం సహజంగానే ఉండేది. బర్క్‌లీ విశ్వవిద్యాలయంవారు తమ యూనిక్స్‌లో బ్లాకును మొదట 1024 బైట్లకు, 1983లో వెలువడిన 4.2 సంచికలో కనీసం 4096 బైట్లకు పెంచారు. డిస్కు మీద బ్లాకు మారిపోయింది. ఆదేశం చెప్పే బ్లాకు ఏది అన్న ప్రశ్న అప్పుడు పుట్టింది.

1992 నాటి పోజిక్స్ ప్రమాణం డీయూ, డీఎఫ్ ఆదేశాలకు 512 బైట్ల ప్రమాణాన్నే సహజస్థితిగా నిర్ణయించి, 1024 కావలసినవారికి కె అన్న ఐచ్ఛికం ఇచ్చింది. గ్నూ పరికరాల రచయితలు దీనిని అంగీకరించలేదు. మనుషులు 512లలో ఆలోచించరన్నది వారి వాదం. వారి డీయూ ఈనాటికీ 1024 బైట్లలోనే లెక్క చెబుతుంది, ప్రమాణాన్ని తు.చ. తప్పక పాటించాలనుకొనేవారు పోజిక్స్‌లీ కరెక్ట్ అనే పరిసర చలాన్ని పెట్టుకోవాలి. ఈ చలానికి తొలుత రిచర్డ్ స్టాల్‌మన్ పెట్టిన పేరు మరింత ఎకసెక్కెంగా ఉండేది. కొలమానాల చరిత్రలో ఇటువంటి నిరసన ఒక పరికరపు అమరికగా మిగిలిపోవడం అరుదు.

ఈ 512 పూర్తిగా అంతరించలేదు. గ్నూ ఫైండ్ ఆదేశంలో పరిమాణాన్ని అడిగేటప్పుడు ప్రమాణాక్షరం ఇవ్వకపోతే అది 512 బైట్ల బ్లాకుగానే లెక్కిస్తుంది. డీడీ ఆదేశంలో బి అనే అక్షరానికి బైటు అని కాక 512 అని అర్థం. అదే డీడీలో కె ఒక్కటే వ్రాస్తే 1024, దాని పక్కన పెద్ద బి చేర్చితే 1000. బైటును సూచించే అక్షరం చేర్చినందుకు విలువ తగ్గే ఈ విచిత్రాన్ని కొత్తవారికి వివరించడం కష్టమే.

పళ్ళెపు డిస్కు, మిశ్రమ లెక్క

రెండు పద్ధతులూ పక్కపక్కన ఉన్నంతవరకు నష్టం కొంతే. అవి ఒకే సంఖ్యలో కలిసిపోయినప్పుడు దానిని తిరిగి విడదీయడం సాధ్యం కాదు. ఇందుకు చక్కని నిదర్శనం 1.44 మెగాబైట్లుగా ప్రసిద్ధమైన మూడున్నర అంగుళాల ఫ్లాపీ డిస్కు. దానికి రెండు ముఖాలు, ముఖానికి 80 వలయాలు, వలయానికి 18 ఖండాలు, ఖండానికి 512 బైట్లు. గుణిస్తే 14,74,560 బైట్లు. దశాంశ పద్ధతిలో ఇది సుమారు 1.47 మెగాబైట్లు, ద్విసంఖ్యా పద్ధతిలో 1.41. మరి 1.44 ఎక్కడిది? 1024 బైట్ల కిలోలు 1440 ఉన్నాయి గనుక, దానిని వెయ్యితో భాగించారు. అంటే ఇక్కడ మెగా విలువ వెయ్యి వేలూ కాదు, 1024 పర్యాయాలు 1024 కూడా కాదు, 1024 వేలు.

తెలుగు కొలతలు తెలిసినవారికి ఈ మిశ్రమం కొత్తగా తోచదు. బహుళవ్యాప్తిలో ఉన్న ఒక పట్టిక ప్రకారం నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. ఇంతవరకు అన్నీ రెండు ఘాతాలే; తూముకు 256 గిద్దలు. ఆపైన ఇరవై తూములు పుట్టి అనడంతో రెట్టింపుల వరుస తెగి, వేళ్ళమీది లెక్క వచ్చి చేరుతుంది. పాత్రతో కొలిచేవానికి రెట్టింపు సుకరం, రాశులను ఎంచేవానికి ఇరవై సుకరం. స్మృతిఫలకాన్ని నిర్మించేవానికి 1024, డిస్కును అమ్మేవానికి 1000 సుకరమైనట్లే. డిస్కులో ఖండాల సంఖ్యకు రెండు ఘాతంతో నిర్బంధమేమీ లేదు; కనుక డిస్కుల తయారీదారులు దశాంశ పద్ధతినే పాటించారు. వారి 500 గిగాబైట్ల డిస్కును 1024 పద్ధతిలో లెక్కించే నిర్వహణ వ్యవస్థ 465గా చూపింది. 2000 దశకంలో అమెరికాలో వెస్టర్న్ డిజిటల్, సీగేట్ సంస్థలపై వినియోగదారులు వ్యాజ్యాలు తెచ్చారు. అవి రాజీలతో ముగిశాయి. ఇక్కడ డిస్కులో లోటు లేదు. లోటంతా మాటలో ఉంది.

కొత్త ఉపసర్గలు

అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం 1998 డిసెంబరులో కొత్త ఉపసర్గలను ఆమోదించి 1999 జనవరిలో ప్రచురించింది. 1024కు కిబి, దాని వర్గానికి మెబి, ఘనానికి గిబి, ఆపైన టెబి, పెబి, ఎక్స్‌బి. కిలో, మెగా మొదలైనవాటికి పాత దశాంశ విలువలే ఉండాలని నిర్దేశించింది. శాస్త్రీయంగా ఇది నిర్దుష్టమైన పరిష్కారం. వాడుకలో మాత్రం అర్ధవిజయమే పొందింది.

దీనికి కారణాన్ని మన దేశపు ఒక అనుభవంతో పోల్చి చూడవచ్చు. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు. అంటే 64 పైసలు. ఆనాటినుండి రూపాయికి 100 పైసలైనప్పుడు, ఒకే మాటకు రెండు విలువలు ఏర్పడకుండా ప్రభుత్వం కొత్త నాణేనికి నయా పైసా అని పేరు పెట్టింది. అణా ఆరుంపావు నయా పైసలైంది. 1964 జూన్ 1 నుండి నయా అన్న విశేషణాన్ని తొలగించారు. విశేషణం కేవలం ఏడేళ్ళు అవసరపడింది, ఎందుకంటే పాత నాణేలు క్రమంగా చలామణినుండి తప్పుకొన్నాయి. నాణేన్ని ముద్రించే అధికారం, ఉపసంహరించే అధికారం రెండూ ఒకే చేతిలో ఉన్నాయి. విద్యుత్ సాంకేతిక సంఘానికి ఆ రెండవ అధికారం లేదు. 1024 విలువగల పాత కిలోను అది చలామణినుండి ఉపసంహరించలేదు. పైగా విశేషణాన్ని తగిలించినది కొత్త విలువకు కాదు, వాడుకలో బలపడిన పాత విలువకు. అలవాటుపడినవారినే పేరు మార్చుకొమ్మనడం ఎక్కడైనా కష్టసాధ్యం.

ఫలితంగా ఒక్కో వ్యవస్థ ఒక్కో దారి పట్టింది. ఆపిల్ సంస్థ 2009లో విడుదల చేసిన స్నో లెపర్డ్ సంచికనుండి ఫైళ్ళను దశాంశ పద్ధతిలో చూపుతోంది. విండోస్ 1024తో భాగించి, గిగాబైటు అన్న పాత పేరునే వ్రాస్తోంది. గ్నూ ఆదేశాలు రెండింటికీ తావిచ్చాయి. డీఎఫ్ ఆదేశానికి చిన్న హెచ్ ఇస్తే 1024 పద్ధతి, పెద్ద హెచ్ ఇస్తే 1000 పద్ధతి. మనుషులు చదవగలిగే రూపం అన్న ఇంగ్లీషు పదబంధపు తొలి అక్షరమే ఆ హెచ్. ఇంతటి వివాదం ఒక అక్షరపు పరిమాణభేదంలో ఇమిడిపోయింది.

మార్పిడికి ఒక ఆదేశం

ప్రమాణాల మార్పిడికి యూనిక్స్‌లో పరికరాలు లేకపోలేదు. 1979 నాటి ఏడవ సంచికలోనే యూనిట్స్ అనే ఆదేశం ఉండేది. ఎక్కువమంది మాత్రం బీసీ అనే గణన పరికరంతోనో, ఆక్ భాషలో రెండు పంక్తులు వ్రాసుకొనో 1024తో పదేపదే భాగించేవారు. ఎవరి లిపి వారిది, ఎవరి సవరింపు వారిది. చివరకు 2013లో గ్నూ కోర్‌యుటిల్స్ 8.21 సంచికలో నమ్‌ఎఫ్‌ఎంటీ అనే ప్రత్యేక ఆదేశం చేరింది. సంఖ్య, రూపం అనే అర్థాలుగల నంబర్, ఫార్మాట్ పదాల కుదింపే ఈ పేరు.

దీని ప్రత్యేకత గణితంలో లేదు, అది అడిగే ప్రశ్నలో ఉంది. ఏ పద్ధతినుండి, ఏ పద్ధతికి అని వాడుకరి స్వయంగా చెప్పాలి. ఎస్ఐ అంటే వెయ్యి; ఐఇసి అంటే 1024, కాని గుర్తుగా ఒక్క అక్షరమే; ఐఇసి పక్కన ఐ చేర్చితే 1024 తోపాటు కిబి, మెబి గుర్తులు కూడా. వీటిలో రెండవది గమనార్హం. సంఘం 1998లో తప్పుపట్టిన వాడుకకే, అంటే 1024 విలువకు కిలో గుర్తు పెట్టడానికే, ఆ సంఘం పేరు దక్కింది. ఆటో అనే మరో ఐచ్ఛికం ఇస్తే, వచ్చిన సంఖ్య పక్కన ఐ ఉంటే 1024గా, లేకుంటే 1000గా గ్రహిస్తుంది. నా దృష్టిలో మొత్తం వ్యవస్థలో ప్రమాణపత్రానికి నిజంగా విధేయమైనది ఇదొక్కటే.

ఫ్లాపీ లెక్కను దీనికి అప్పగిస్తే ఏమవుతుందో చూడదగినది. 14,74,560ని ఎస్ఐ పద్ధతిలో చూపమంటే 1.5 మెగా అంటుంది. ఐఇసి పద్ధతిలో చూపమన్నా 1.5 అనే అంటుంది. ప్రత్యేకించి కోరకపోతే అది భిన్నాన్ని సున్నానుండి దూరంగా, అంటే పైకి సవరిస్తుంది గనుక 1.47, 1.41 రెండూ ఒకే అంకెకు చేరుకొంటాయి. అదే భాగహారాన్ని బీసీకి అప్పగించి రెండు దశాంశ స్థానాలు కోరితే అది మిగిలినదానిని కత్తిరించి 1.40 అంటుంది. తిరుగుదారి ఇంకా దుర్గమం. డిస్కుమీది 1.44ను దశాంశంగా చదివితే 14,40,000 బైట్లు, 1024 పద్ధతిలో చదివితే సుమారు 15,09,950. అసలు సంఖ్య ఏ దారిలోనూ తిరిగి రాదు.

పైకి సవరించడం నిష్కారణం కాదు. ఫైలు పట్టడానికి ఎంత చోటు కావాలో చెప్పేటప్పుడు తక్కువ చెప్పడంకంటె ఎక్కువ చెప్పడం క్షేమం. కాని ఆ క్షేమమే వేరొకచోట ఉచ్చు అవుతుంది. ఒక మెగాబైటుకు లోపు ఫైళ్ళను చూపమని గ్నూ ఫైండ్‌ను అడిగితే ఖాళీ ఫైళ్ళు మాత్రమే వస్తాయి. ఒక్క బైటున్న ఫైలు కూడా సవరింపుతో ఒక మెగా అయిపోతుంది, ఒకటికి లోపుగా ఉన్నది సున్నా ఒక్కటే. కచ్చితంగా అడగదలచినవారు 10,48,576 బైట్లని అంకెల్లో వ్రాయవలసిందే.

తెలుగు పాఠ్యం బరువు

ఇంతవరకు బైట్లను ఎలా కట్టగట్టాలన్నదే ప్రశ్న. తెలుగు విషయంలో అంతకు ముందు ఇంకొక ప్రశ్న ఉంది: ఒక అక్షరానికి ఎన్ని బైట్లు? 1991 నాటి భారతీయ ప్రమాణమైన ఇస్కీలో తెలుగు వర్ణానికి, గుణింతపు గుర్తుకు ఒక్కొక్క బైటు. అదే ఏడాది వెలువడిన యూనికోడ్ తొలి సంచికలో తెలుగుకు ప్రత్యేక స్థానం లభించింది. 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలకు ఒక బైటు చాలు. తెలుగు సంకేతాలకు మూడేసి బైట్లు కావాలి. నేడు ఫైళ్ళన్నీ దాదాపు ఈ పద్ధతిలోనివే.

డబ్ల్యూసీ అనే ఆదేశం ఈ లెక్కను స్పష్టంగా చూపుతుంది. తెలుగు అన్న మాటను ఇచ్చి సి ఐచ్ఛికంతో బైట్లు అడిగితే 18, ఎం ఐచ్ఛికంతో సంకేతాలు అడిగితే 6. స్త్రీ అన్న మాటకూ సరిగ్గా ఇవే సంఖ్యలు: సకారం, తకారం, రేఫ, రెండు పొల్లు గుర్తులు, ఒక ఈత్వం. ఛందస్సు తెలిసినవారికి మొదటిది మూడు లఘువులు, రెండవది ఒకే గురువు. కంప్యూటరు దృష్టిలో రెండూ సమానమైన బరువు.

దీని పర్యవసానం చిన్నది కాదు. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలో పుట నిడివి బైట్లలో నమోదవుతుంది. 2,048 బైట్ల ఇంగ్లీషు పుటలో 2,048 అక్షరాలుంటే, అదే కొలతగల తెలుగు పుటలో ఖాళీలు, విరామచిహ్నాలు విడిచి 682కు మించి సంకేతాలు పట్టవు. అక్షరాలు ఇంకా తక్కువ. నేడు భాషా నమూనాల శిక్షణకు వాడే పాఠ్యసంచయాలను గిగాబైట్లలో ప్రకటించడం పరిపాటి. భాషలవారీ పట్టికలో తెలుగుకూ ఇంగ్లీషుకూ చెరొక గిగాబైటు అని ఉన్నప్పుడు, అవి సమానమైన పాఠ్యరాశులని చదువరి భావిస్తాడు. నిజానికి తెలుగు రాశి మూడోవంతుకు కాస్త ఎక్కువ. ఆ గిగా వెయ్యి పద్ధతిదా, 1024 పద్ధతిదా అన్న సందిగ్ధం తెచ్చే దోషం ఏడు శాతం. సంకేతపద్ధతిని విస్మరిస్తే వచ్చే దోషం దాదాపు మూడు రెట్లు. వనరుల కొరత ఉన్న భాషకు అవి ఉన్నట్లు చూపే పట్టిక, కొరతను కనిపించకుండా చేస్తుంది. అందువల్ల తెలుగు సంచయాల వర్ణనలో బైట్ల సంఖ్యను పూర్తి అంకెల్లో, దాని పక్కన సంకేతాల సంఖ్యను, వీలైతే అక్షరాల సంఖ్యను ఇవ్వడం ఆవశ్యకం.

వీలైతే అనడానికి కారణం ఉంది. డబ్ల్యూసీలో బైట్లకు, సంకేతాలకు, పదాలకు, పంక్తులకు ఐచ్ఛికాలున్నాయి. తెలుగువారు అక్షరం అని పిలిచేదానికి లేదు. యూనికోడ్ నియమాలలో కూడా చాలాకాలం స్త్రీ అన్నది మూడు ముక్కలుగానే లెక్కకు వచ్చేది: సకారప్పొల్లు, తకారప్పొల్లు, రీ. 2023లో వెలువడిన 15.1 సంచిక హల్లు, పొల్లు, హల్లు కలిసిన సంయుక్తాన్ని విడదీయరాదనే కొత్త నియమాన్ని దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళ లిపులకు చేర్చింది. ఆ నియమాన్ని పాటించే పరికరాలలో స్త్రీ ఇప్పుడు ఒకటి.